ఆసుపత్రి వార్డును, అందులోని రోగులను బొగ్గుతో గీయడం ఎలా?

కర్నూలులో బొమ్మలు నేర్చుకొనేవారు, వైద్య కళాశాలలో చదువుకొంటూ తీరిక వేళల్లో గీసేవారు, ఇంటిమనిషిని పెద్దాసుపత్రిలో చేర్చి వారాల తరబడి మంచం పక్కన కూర్చొని వచ్చినవారు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటే. వార్డులో కళ్లారా చూసినదాన్ని బొమ్మగా వేయాలని కూర్చొంటే అది ఆరోగ్య శాఖ గోడపత్రికలాగానో, సినిమాలో ఏడుపు సన్నివేశంలాగానో తయారవుతోందని, చూసినప్పుడు మనసును పట్టేసినది కాగితం మీదికి ఎందుకు రావడం లేదని వారి బాధ. ఒక్కొక్కరికి విడిగా చెప్పడం కంటే పద్ధతినంతా ఒకచోట వరుసగా రాయడం మేలనిపించి ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట చెప్పాలి. జబ్బు ముఖంలో కంటే ముందు శరీరపు బరువులో కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి తన బరువును తానే మోసుకొంటాడు. జబ్బుపడినవారు దాన్ని దిండుకో, గోడకో, మంచం పట్టీకో, పక్కనున్నవారి భుజానికో అప్పగిస్తారు. ఆ బరువు ఎక్కడ దిగుతోందో గీయగలిగితే ముఖం వేయకపోయినా బొమ్మ నిలుస్తుంది. అది గీయలేకపోతే ముఖంలో ఎంత బాధ చూపినా నిలవదు. కింద చెప్పే మెట్లలో ఎక్కువ భాగం ఈ ఒక్క పని కోసమే.

కావలసినవి

వార్డులోకి తీసుకువెళ్లవలసినవి చాలా తక్కువ: గట్టి అట్ట ఉన్న చిన్న నోటుపుస్తకం, 2బి, 4బి పెన్సిళ్లు, షార్పనర్, ముక్కుకు మాస్కు. బొగ్గును మాత్రం వార్డులోకి ఎట్టి పరిస్థితుల్లోనూ తీసుకువెళ్లకండి. దాని పొడి ఫ్యాను గాలికి లేచి చుట్టుపక్కల మంచాల మీద పడుతుంది. ఆయాసంతో ఉన్నవారికి, పుండ్లకు కట్టు కట్టించుకొన్నవారికి అది హాని చేస్తుంది.

ఇంట్లో కావలసినవి ఇవి: 200 జీఎస్ఎంకు (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుందో చెప్పే కొలత) తగ్గని కాట్రిడ్జ్ కాగితం, అంటే బొమ్మలకు వాడే మందపాటి కాగితం, కనీసం 15 × 22 అంగుళాలది, కాగితాన్ని బిగించడానికి ప్లైవుడ్ పలక, టేపు, సన్నని బొగ్గు పుల్లలు కొన్ని, బాగా నల్లగా పడే కంప్రెస్డ్ చార్‌కోల్ కడ్డీ ఒకటి, ముద్దలా పిసికి వాడుకొనే నీడబుల్ ఇరేజర్ (రబ్బరు ముద్ద), ఉతికిన పాత నూలుగుడ్డ, సిరా అయిపోయిన బాల్ పెన్ను, కొద్దిగా ఎర్రమన్ను, తుమ్మజిగురు, బొగ్గు రాలిపోకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ స్ప్రే. నున్నగా మెరిసే చార్టు కాగితం పనికిరాదు, ఎందుకంటే బొగ్గు నిలవడానికి కాగితంలో కొంత గరుకుదనం ఉండాలి. వేలితో రాస్తే జారిపోకుండా కొంచెం పట్టు తగలాలి, అదే గుర్తు.

బొగ్గు పుల్లలు దొరకని ఊళ్లో ఉంటే చింతపుల్లలతో మీరే చేసుకోవచ్చు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు బట్ట మీద తొలి గీతలకు వాడేది కాల్చిన చింతపుల్లనే. పెన్సిలు మందం ఉన్న పుల్లలను బెరడు తీసి, నీడలో బాగా ఎండబెట్టి, బిగుతైన మూత ఉన్న రేకు డబ్బాలో కిక్కిరిసేలా నింపి, మూతకు మేకుతో ఒక చిన్న చిల్లు పెట్టి, ఆ డబ్బాను నిప్పుల మధ్య ఉంచండి. చిల్లులోనుంచి పొగ రావడం పూర్తిగా ఆగాక డబ్బాను బయటికి తీయండి. వేడిగా ఉన్నప్పుడు మూత తెరిస్తే లోపలికి గాలి తగిలి పుల్లలు అంటుకొని బూడిదవుతాయి కాబట్టి రాత్రంతా చల్లారనిచ్చి తెల్లవారి తెరవడం మంచిది. బాగా కాలిన పుల్ల కాగితం మీద మెత్తగా, నల్లగా జారుతుంది. గోధుమరంగు గీత పడి గరగరమంటే లోపల పచ్చికట్టె మిగిలిందని అర్థం. దాన్ని మళ్లీ కాల్చాలి.

మెట్లు

1. అనుమతి తీసుకోండి. ఈ మెట్టును దాటేసి మిగిలినవి చదవకండి. ప్రభుత్వ ఆసుపత్రి అయితే సూపరింటెండెంటు పేర రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. ఎవరు గీస్తారు, ఏ వార్డులో, ఏ వేళల్లో, గీసినదాన్ని ఏం చేస్తారు అన్న నాలుగు విషయాలు అందులో ఉండాలి. ఆ అనుమతి చేతికి వచ్చాక వార్డు ఇన్‌చార్జి సిస్టరుకు విడిగా చెప్పుకోండి, ఎందుకంటే డ్రెస్సింగులు ఎప్పుడు జరుగుతాయో, డాక్టర్లు రౌండ్సుకు ఎప్పుడు వస్తారో, ఏ మంచం దగ్గర ఆ రోజు కూర్చోకూడదో ఆమెకే తెలుసు. ఆ తర్వాత రోగిని అడగండి. రోగి స్పృహలో లేకపోతే వెంట ఉన్నవారు సరేనన్నా గీయకండి.

చట్టపరంగా రెండు విషయాలు తప్పక గుర్తుంచుకోండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక చికిత్స పొందుతున్నవారి ఫొటోలను గాని, వివరాలను గాని వారి సమ్మతి లేకుండా ప్రసార మాధ్యమాలకు ఇవ్వకూడదు. అదే ఏడాది వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ఒకరికి హెచ్ఐవీ ఉందన్న సంగతిని వారి సమ్మతి లేకుండా బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది. అందువల్ల హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్టీ కేంద్రం ముందు కూర్చొన్న మనిషిని గుర్తుపట్టేలా గీయడం కూడా తప్పే. క్షయ వార్డులో, ఐసీయూలో, కాన్పుల గదిలో, కాలిన గాయాల వార్డులో కూర్చొని గీయాలనే ఆలోచన మానుకోండి.

అనుమతి రాకపోతే బొమ్మ ఆగిపోనవసరం లేదు. ఆసుపత్రి ఆవరణలో చెట్ల నీడన చేరే రోగుల బంధువులను చూసి ఇంటికి వచ్చి గుర్తున్నంత మేరకు గీయండి. మీ ఇంట్లోనే మంచంపట్టిన పెద్దవారు ఉంటే, వారికి ఇష్టమైతే, వారిని గీయండి. జ్ఞాపకం నుంచి గీసినది బలహీనంగా ఉంటుందన్న భయం అక్కర్లేదు. నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ ముంక్ అక్క సోఫీ 1877లో క్షయతో పోయింది. ఆమె జ్ఞాపకంతో అతడు వేసిన 'జబ్బుపడిన పిల్ల' చిత్రం 1885-86 నాటిది. మధ్యలో ఎనిమిదేళ్లు గడిచాయి. అంతటితో తీరక, ఆ తర్వాత దశాబ్దాల పాటు అదే చిత్రాన్ని మళ్లీ మళ్లీ వేశాడు.

2. వార్డులో బొమ్మ వేయకండి, గుర్తులు రాసుకోండి. ఒక్కో భంగిమకు అయిదు నిమిషాలకు మించి ఇవ్వవద్దు. అంతకంటే ఎక్కువసేపు చూస్తే రోగికి ఇబ్బంది, మీ చేతికి నగిషీ పని అలవాటవుతుంది. ముందుగా వెన్నెముకకు ఒక్క గీత, భుజాలకు ఒక గీత, తుంటికి ఒక గీత వేయండి. తర్వాత శరీరం దేనిని ఒత్తుతోందో అక్కడల్లా కిందికి ఒక బాణం గుర్తు పెట్టండి. పక్కనే మాటల్లో రాసుకోండి: 'ఎడమ మోచెయ్యి దిండులో సగం దిగింది', 'తల గోడకు, కాళ్లు మాత్రం ఇంకా కింద', 'కూతురు ఒళ్లో చెయ్యి, బరువంతా ఆమె మోకాలి మీద'. ఇంటికి వచ్చాక ఈ మాటలే మీకు గీతలకంటే ఎక్కువగా పనికివస్తాయి.

ఫోను తీయకండి. ఇక్కడ మర్యాదతో పాటు బొమ్మకు సంబంధించిన కారణం కూడా ఉంది. దగ్గరనుంచి ఫోనుతో తీసిన ఫొటోలో మంచం ముందు భాగం ఉబ్బి, వెనుక భాగం చిక్కిపోయి, గది ఉన్నదానికంటే పెద్దదిగా కనబడుతుంది. ఆ కొలతలు చూసి గీస్తే వార్డులోని ఇరుకుతనం పోతుంది. మన ప్రభుత్వాసుపత్రి వార్డు స్వభావం ఆ ఇరుకులోనే ఉంది.

3. జబ్బుకు తగిన భంగిమను తెలుసుకోండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. రోగి అనగానే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం దాకా దుప్పటి కప్పి, కళ్లు మూయించేస్తారు. నిజానికి ప్రతి జబ్బూ శరీరాన్ని తన పద్ధతిలో మడుస్తుంది.

ఆయాసపడేవారు పడుకోలేరు. మంచం అంచున కూర్చొని ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీదనో, దిండు మీదనో ఆనించి, భుజాలను చెవుల దాకా ఎగదీసి ఉంటారు. మెడ కండరాలు తాళ్లలా తేలి, కాలర్ ఎముకల పైన గుంటలు పడతాయి. బరువంతా అరచేతుల మీద ఉంటుంది కాబట్టి బొమ్మలో అన్నిటికంటే నల్లని చోట్లలో ఒకటి ఆ అరచేతుల కింద పడాలి. కిడ్నీరాయి నొప్పివంటిది వచ్చినవారు ఒకచోట ఉండలేక దొర్లుతారు, లేస్తారు, మళ్లీ పడుకొంటారు; కడుపులో పేగుకు చిల్లు పడి పొర వాచినవారు మాత్రం కదిలితే ప్రాణం పోతుందన్నట్లు మోకాళ్లు మడిచి బిగుసుకుపోతారు. రెండూ కడుపునొప్పే, గీతలు మాత్రం ఒకదానికొకటి పొంతనలేనివి: మొదటిదానికి ఒకదానిమీద ఒకటి పడే తెగిన గీతలు, రెండోదానికి బిగువైన ఒకే గీత కావాలి. పక్షవాతం వచ్చినవారిలో శరీరం రెండు రకాల బరువులుగా విడిపోతుంది. పనిచేసే వైపు భుజం మనిషిని పట్టి నిలుపుతుంది, చచ్చుబడిన వైపు చెయ్యి పక్కనపెట్టిన వస్తువులా పడి ఉంటుంది. విరేచనాలతో నీరసించిన పసిపిల్ల తల్లి భుజం మీద తల నిలపదు. మెడ వాల్చేస్తుంది, కళ్లు లోతుకు పోతాయి. నెలల తరబడి మంచంలో ఉన్నవారి కణతలు గుంటలు పడి, మడమలు, తుంటి ఎముకలు దుప్పటిలోనుంచి కూడా కనబడతాయి.

మీరు వైద్య విద్యార్థి కాకపోతే, ఏ భంగిమ ఏ బాధదో సిస్టరును గాని, హౌస్ సర్జనును గాని అడిగి రాసుకోండి. గీసినది నిజమో కాదో మొదట పట్టేసేది వారే.

4. ఎక్కడ కూర్చొని చూస్తున్నామో నిర్ణయించుకోండి. కర్నూలు సర్వజన వైద్యశాలకు కర్నూలు, నంద్యాల జిల్లాలవారే కాక గద్వాల వైపునుంచి, రాయచూరు వైపునుంచి కూడా వస్తారు. దూరంనుంచి వచ్చినవారు ఇంటికి పోయి రాలేరు కాబట్టి మంచాల సందుల్లోనే చాపో దుప్పటో పరుచుకొంటారు. స్టీలు క్యారియరు, నీళ్ల బాటిల్, ఎక్స్‌రే కవరు, చీటీల సంచి అన్నీ మంచం కిందే ఉంటాయి. ఇటువంటి వార్డుకు రెండు అంతస్తులు ఉన్నాయన్నమాట: పరుపు మీద జబ్బు, నేల మీద కాపలా. నిలబడి చూసి గీస్తే పై అంతస్తు ఒక్కటే కనబడుతుంది.

నా సలహా, నేల మీద కూర్చొన్నవారి కంటితో గీయండి. కూర్చొన్న మనిషి కన్ను నేలనుంచి సుమారు రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. పరుపు కూడా దాదాపు ఆ ఎత్తులోనే ఉంటుంది. అప్పుడు రోగి శరీరం సన్నని అడ్డపట్టీలా కనబడి, పట్టీ మీదినుంచి వేలాడే చెయ్యి, మంచం కింది చీకటి, కాపలా ఉన్నవారి వీపు పెద్దవవుతాయి. చూసేవారు డాక్టరు స్థానంలో కాక తోబుట్టువు స్థానంలో కూర్చొంటారు.

పెద్ద కాగితం ముట్టకముందు అగ్గిపెట్టె పరిమాణంలో ఆరో ఎనిమిదో చిన్న కూర్పులు వేసుకోండి. చూసి నేర్చుకోవడానికి మూడు చిత్రాలు చెబుతాను. డచ్ చిత్రకారుడు వాన్ గో 1889లో వేసిన 'ఆర్ల్ ఆసుపత్రి వార్డు'లో (ఆర్ల్ ఫ్రాన్సులోని ఊరు) పొడవాటి గది లోపలికి సాగిపోతుంది, రెండు పక్కలా తెరలు కట్టిన మంచాలు, ముందువైపు పొయ్యి చుట్టూ కూర్చొన్న మనుషులు. వార్డు పొడవును చూపాలంటే అది మార్గం. ముంక్ 1893లో వేసిన 'రోగి గదిలో మరణం'లో రోగి కుర్చీ వెనుకవైపు మనకు కనబడుతుంది గాని రోగి కనబడదు. గది నిండా ఎవరి దిక్కుకు వారు తిరిగి నిలబడిన కుటుంబసభ్యులే. మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో 1932లో డెట్రాయిట్ ఆసుపత్రిలో తాను పోగొట్టుకొన్న గర్భం గురించి వేసిన చిత్రంలో గోడలు లేవు, మంచం ఆరుబయట ఆకాశం కింద ఉంది, దూరాన ఫ్యాక్టరీలు. గది మొత్తాన్నీ గీయాలి, రోగిని నడిమధ్యన పెట్టాలి అనే నియమాలేవీ లేవని ఈ మూడూ చూపుతాయి. వాటిని కాపీ చేయకండి. మీ వార్డులో పొయ్యి లేదు, ఎండ ఉంది.

5. మంచాన్ని సరిగా నిలపండి. ఇనుప మంచం సుమారు ఆరున్నర అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు. మీకు కాళ్లవైపు ఎదురుగా ఉన్నప్పుడు పొడవు కుదించుకుపోతుంది. చెయ్యి చాచి పెన్సిలుతో కొలిచి, కనబడే పొడవు వెడల్పులో ఎంత వంతుందో చూసుకోండి. తెలిసిన పొడవును కాక కనబడిన పొడవును గీయాలి. మంచం రెండు పొడుగు అంచులూ, వెనుక మంచాల అంచులూ పొడిగిస్తే అన్నీ మీ కంటి ఎత్తు గీత మీద ఒకేచోట కలవాలి. కలవకపోతే మంచం మీద మనిషి జారిపోతున్నట్లు కనబడుతుంది, బరువు నిలవదు.

6. తెల్లగా మిగలవలసిన సన్నని గీతలను ముందే నొక్కండి. బొగ్గు పెట్టకముందు సిరాలేని బాల్ పెన్నుతో కాగితాన్ని చింపకుండా గట్టిగా నొక్కుతూ సెలైన్ గొట్టం, మంచం కడ్డీల మెరుపు, తల నెరిసిన వెంట్రుకలు గీయండి. తర్వాత బొగ్గును అడ్డంగా పడుకోబెట్టి తేలికగా రుద్దితే ఆ గాడులు తెల్లగా మిగిలిపోతాయి. గాడిలోకి బొగ్గు దిగిందంటే మీరు మరీ గట్టిగా రుద్దారు, లేదా గుడ్డతో అదిమి తుడిచారు. కాగితాన్నే గాయపరిచి బొమ్మ చేసే దారి మన దేశంలో కొత్తదేమీ కాదు. బెంగాల్ కళాకారుడు సోమనాథ్ హోర్ 1970లలో కాగితపు గుజ్జుతో తెలుపు మీద తెలుపుగా చేసిన 'గాయాలు' వరుసలో రంగే లేదు. ఆ చిత్రాలను ఎక్కడ అవకాశం దొరికినా వెళ్లి చూడండి.

7. వెలుగునీడలు, ఆపైన బరువు. మన వైపు మార్చినుంచి మే దాకా వార్డు కిటికీల్లో వెలుగు తెల్లగా కొడుతుంది, లోపల మాత్రం మసకగా ఉంటుంది. ఈ తేడా బొగ్గుకు బాగా అనువైనది. మొదట కాగితమంతా బొగ్గు పుల్లను పడుకోబెట్టి రుద్ది, గుడ్డతో తేలికగా దులిపి మధ్యస్థమైన బూడిదరంగు తెచ్చుకోండి. తర్వాత రబ్బరు ముద్దతో కిటికీని, దిండును, నేల మీద పడిన వెలుగు ముక్కను తీయండి, అంటే అక్కడి బొగ్గును అద్ది లేపండి. ఇక ఈ మూడు రంగుల్లో, అంటే తెలుపు, బూడిద, ఇంకొంచెం ముదురు బూడిదలో, మనుషులను పెద్ద ముద్దలుగా నిలపండి. చేతివేళ్లు, ముక్కు, చెవులు ఇప్పుడే వద్దు.

గట్టి నల్లని కడ్డీని ఇప్పుడు తీసి, మీ నోటుపుస్తకంలోని బాణం గుర్తులు ఉన్న చోట్ల మాత్రమే వాడండి. మోచెయ్యి దిండులో దిగినచోట, వీపు గోడకు ఆనినచోట, మడమ పరుపును నొక్కినచోట, కూతురి మోకాలి మీద తండ్రి చెయ్యి పడినచోట. ఎంత బరువు ఉంటే అంత గట్టిగా నొక్కండి. కాగితం మీద మీ చేతి ఒత్తిడీ అక్కడి శరీరపు ఒత్తిడీ ఒకటి కావాలి. దిండు చుట్టూ ముడతలు ఆ బిందువునుంచి బయటికి విచ్చుకొంటాయి. ముడతలను అలంకారంగా ఎక్కడపడితే అక్కడ వేస్తే బరువు మాయమవుతుంది. మిగిలిన హద్దు గీతలు తేలికగానే ఉండనివ్వండి, కొన్నిచోట్ల తెగిపోనివ్వండి.

8. వస్తువులను నిజంగా గీయండి. సెలైన్ బాటిల్ తలకిందులుగా, రోగి చెయ్యికంటే బాగా ఎత్తులో వేలాడాలి. కిందికి పెడితే ద్రవం ఎక్కదు, రక్తం గొట్టంలోకి వెనక్కి వస్తుంది. బాటిల్ కింద చుక్కలు పడే చిన్న గది సగమే నిండి ఉంటుంది. గొట్టం తీగలా బిగువుగా ఉండదు, మధ్యలో వేలాడి మళ్లీ లేచి చేతి వెనుక తెల్లటి టేపు కిందికి వెళ్లి ఆగుతుంది. ఆక్సిజన్ ముక్కుగొట్టం రెండు చెవుల మీదుగా వచ్చి గడ్డం కింద కలుస్తుంది. మెడలో స్టెతస్కోపు వేసుకొన్న డాక్టరును ఆసుపత్రి అని తెలియడం కోసమే పెట్టవలసిన అవసరం ఎంతమాత్రం లేదు. మంచం కింద క్యారియరు, విప్పిన చెప్పుల జతలు ఆ పని ఇంకా బాగా చేస్తాయి.

9. ముఖాలు చివర, తక్కువగా. ముంక్ 'జబ్బుపడిన పిల్ల'లో తెల్లని పెద్ద దిండుకు ఆనిన పిల్ల ముఖం పక్కనుంచి కనబడుతుంది; పక్కన కూర్చొన్న ఆమె తల దించుకొంది, ఆమె ముఖం మనకు కనబడదు. అయినా ఆ చిత్రంలో దుఃఖం ఎవరిదో అడగనవసరం లేదు. మీ బొమ్మలోనూ ఒక ముఖాన్ని మించి వివరంగా వేయవద్దు. రోగిని గుర్తుపట్టకుండా ఉండడానికి ముక్కు, జుట్టు, మచ్చలు, పచ్చబొట్లు మార్చండి. ఇద్దరు ముగ్గురి పోలికలు కలిపి ఒకరిని చేయండి. కేస్‌షీటు మీద పేరు, మంచం నంబరు, వార్డు నంబరు రాయకండి. కన్నీళ్లు వేయకండి. చేతులకు మాత్రం ముఖాలకంటే ఎక్కువ సమయం ఇవ్వండి, ఎందుకంటే వార్డులో మాటలు అయిపోయాక అందరూ మాట్లాడేది చేతులతోనే.

10. ఒక్క రంగు, కావాలనుకొంటేనే. మంచం మీది ఎర్ర దుప్పటికో, రబ్బరు షీటుకో, కాపలా మనిషి చీర అంచుకో ఎర్రమన్ను వాడవచ్చు. ఇది మన నేలదే. ఓర్వకల్లు దగ్గర కేతవరం గుట్టల్లో ఆదిమానవులు వేసిన రాతిబొమ్మలు ఎర్రమన్ను రంగువే. ఒక వంతు తుమ్మజిగురును రెండు వంతుల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, మెత్తగా జల్లించిన మన్నును అందులో కలిపి, పాలకంటే కొంచెం చిక్కగా ఉండేలా నీళ్లు పోసుకోండి. విడి ముక్క కాగితం మీద పూసి ఆరనిచ్చి వేలితో రుద్దండి. పొడి అంటితే జిగురు చాలలేదు, పగుళ్లు వస్తే జిగురు ఎక్కువైంది. బొగ్గు మీద నేరుగా పూస్తే రెండూ కలిసి బురదవుతాయి. ముందు తేలికగా ఫిక్సేటివ్ కొట్టి, ఆరాక పూయండి.

11. ఫిక్సేటివ్. బొమ్మను కొంచెం వాల్చి నిలబెట్టి, ఒక అడుగు దూరంనుంచి, ఆరుబయట, మంటకు దూరంగా, పలుచగా కొట్టి పది నిమిషాలు ఆరనిచ్చి మళ్లీ కొట్టండి. రెండు మూడు పలుచని పూతలు చాలు. దగ్గరనుంచి ఒకేసారి కొడితే చుక్కలు పడి మచ్చలవుతాయి, తెలుపులు కూడా కొంచెం మందగిస్తాయి. గాలిదుమారం లేచే సాయంత్రాలు ఈ పని పెట్టుకోకండి. తడి పూతకు దుమ్ము అంటుకొంటే ఇక వదలదు. జుట్టుకు కొట్టే స్ప్రే వాడవచ్చు గాని కొన్నేళ్లకు కాగితం పసుపెక్కుతుంది, సాధన బొమ్మలకే పరిమితం చేయండి.

బొమ్మ పాడయ్యే చోట్లు

నలుపు అంతటా సమానంగా పరచడం మొదటిది. భయంకరంగా ఉండాలని గదినంతా నల్లగా చేస్తే బరువు దిగే బిందువులు అందులో మునిగిపోతాయి. అలా జరిగితే రబ్బరు ముద్దతో చుట్టూ ఉన్న నలుపును ఒక మెట్టు తగ్గించండి, బిందువులను ముట్టకండి.

వేలితో రుద్ది నున్నగా చేయడం రెండోది. ఇది అలవాటుగా మారితే వదిలించుకోవడం కష్టం. నున్నగా చేసిన చర్మం మైనపు బొమ్మ చర్మంలా ఉంటుంది, వేలి నూనె కాగితానికి పట్టి ఆపైన బొగ్గు ఎక్కదు. గుడ్డ వాడండి, అదీ నేలకు, గోడకు మాత్రమే.

ఇక మూడోది చేతి తప్పు కాదు, చూపు తప్పు. రోగిని జాలిపడవలసిన వస్తువుగా చూసి, పేదరికాన్ని పెంచి చూపడం. చిరిగిన బట్టలు అక్కడ లేకపోతే వేయకండి. వార్డులో మనుషులు పండ్లు ఒలుచుకొంటారు, పక్క మంచంవారితో వరసలు కలుపుకొంటారు, ఫోనులో పంట సంగతులు మాట్లాడతారు. మీరు చూసినది అదైతే అదే గీయండి. దానివల్ల జబ్బు తేలికైపోదు.

సరిగా వచ్చిందా, ఎలా తెలుసుకోవాలి

బొమ్మను తలకిందులు చేసి గోడకు ఆనించి పది అడుగుల దూరంనుంచి చూడండి. మనుషులు ఇక గుర్తు రారు కాబట్టి నలుపుతెలుపుల అమరిక ఒక్కటే కనబడుతుంది; అన్నిటికంటే నల్లని చోట్లు మీ బాణం గుర్తులతో సరిపోవాలి. ఎక్కడో మూలన ఫ్యాను రెక్క అన్నిటికంటే నల్లగా ఉంటే దాన్ని తగ్గించండి.

తర్వాత సరిగా నిలబెట్టి, ముఖాన్ని ఒక కాగితం ముక్కతో మూయండి. రోగికి ఎక్కడ బాధో, ఎవరు ఎవరిని ఆనుకొన్నారో ఇంకా తెలుస్తూ ఉండాలి. తెలియకపోతే ముఖాన్ని మెరుగుపరచకండి, ఏడో మెట్టుకు వెళ్లండి. ఆపైన బొమ్మలోని భంగిమలో మీరే కూర్చొని చూడండి. ఏ చెయ్యి మీద బరువు పడుతోందో మీ ఒంటికి తెలుస్తుంది. బొమ్మలో అదే చెయ్యి కింద నలుపు ఉందా?

చివరగా రోగికి సేవ చేసిన అనుభవం ఉన్న ఒకరికి చూపండి. 'బాగుందా' అని అడగకండి, 'ఈయనకు ఏమైంది, ఎన్నాళ్లుగా ఉన్నారు' అని అడగండి. వారు చెప్పినది మీరు గీసినదానికి దగ్గరగా ఉంటే బొమ్మ పని చేసింది. ఎవరిని చూసి గీశారో వారికి గాని, వారి ఇంటివారికి గాని చూపగలిగితే తప్పకుండా చూపండి. వద్దన్నారంటే ప్రదర్శనకు పెట్టకండి, ఎంత మంచి బొమ్మ అయినా సరే.

ఫ్రేము కట్టించేటప్పుడు అద్దానికీ కాగితానికీ మధ్య సందు ఉండేలా అట్ట చట్రం పెట్టించండి. అద్దం బదులు అక్రిలిక్ షీటు వేస్తామని దుకాణంవారు అంటే వద్దనండి, దానిలో పుట్టే స్థిరవిద్యుత్తు బొగ్గు పొడిని లాగేసుకొంటుంది. ఫ్రేము వెనుక కాగితం రకం, వాడిన బొగ్గు, గీసిన సంవత్సరం, మీ పేరు రాయండి. రోగి పేరు అక్కడ కూడా రాయకండి.